అన్నయ్యకు ఆపరేషన్ తర్వాత ఊపిరి అందలేదు, నాకూ అలాగే అవుతుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. వచ్చే నెల హెర్నియా ఆపరేషన్. కొన్నేళ్ల క్రితం మా సొంత అన్నయ్యకు గుంటూరులో అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక ఊపిరి అందక గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచారు, తర్వాత మామూలైపోయాడు. మేం వైశ్యులం, మాలో ఇది జీన్స్ వల్ల వస్తుందని బంధువులు అంటున్నారు. ఏ జీన్ టెస్ట్ చేయించాలి, ఎంతవుతుంది? డేట్ వాయిదా వేస్తారేమోనని సర్జన్‌కి ఇంకా చెప్పలేదు.

జవాబు: టెస్ట్ సంగతి తర్వాత. ముందు ఈ రోజే ఫోన్ చేసి సర్జన్‌కీ, మత్తు డాక్టర్‌కీ ఇద్దరికీ చెప్పండి. ఇలాంటిది దాచిపెట్టి ఆపరేషన్ టేబుల్ ఎక్కుతారా అండీ?

కాగితాలు చూడకుండా ఇదేనని తేల్చలేను గానీ, మీరు రాసింది చదవగానే నాకు గుర్తొచ్చింది స్కోలిన్. గొంతులో ట్యూబ్ వేసే ముందు కండరాలు వదులవడానికి ఇచ్చే ఇంజెక్షన్ అది. లివర్‌లో తయారయ్యే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని రక్తంలోనే విరగ్గొట్టేస్తుంది కాబట్టి అయిదు పది నిమిషాల్లో దిగిపోతుంది. బీసీహెచ్ఈ అనే జీన్‌లో తేడా ఉన్నవాళ్లలో ఆ ఎంజైమ్ సరిగ్గా పనిచేయదు, మందు గంటలపాటు దిగదు, ఊపిరి తీసే కండరాలూ కదలవు. వైశ్యుల్లో ఇది ఎక్కువని పరిశోధనలున్నాయి, అలాగని మిగతావాళ్లకు రాదని లేదు. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ లోపమున్న జీన్ వస్తేనే ఇంత ఇబ్బంది, కాబట్టి అన్నయ్యకు నిజంగా అదే అయితే మీకూ ఉండే అవకాశం మామూలుగా నాలుగింట ఒక వంతు. మేనరికాలున్న ఇళ్లలో పిల్లల విషయం కూడా చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో అమ్మే పెద్ద జీన్ ప్యాకేజీలు కొనకండి. రక్తంలో ఈ ఎంజైమ్ ఎంతుందో చూసే టెస్ట్ పెద్ద ల్యాబుల్లో చేస్తారు, పురుగుమందు తాగిన కేసుల్లో చేయించేది అదే. రిపోర్ట్ మాత్రం మత్తు డాక్టరే చూడాలి, ఎందుకంటే లివర్ జబ్బులోనూ అది తగ్గుతుంది. స్కోలిన్ బదులు రోక్యురోనియం ఉంది, వెన్నులో మత్తు ఇవ్వడమూ ఉంది, ఏది మీకు సరిపోతుందో వాళ్లు నిర్ణయిస్తారు. ముందే తెలిస్తే చాలాసార్లు వాయిదా కూడా అక్కర్లేదు.

మన ఇళ్లలో "మత్తు పడలేదు" అని ఒక్క మాటనేసి ఊరుకుంటారు, ఏ మందు ఇచ్చారో ఎవరూ అడగరు, డిశ్చార్జ్ కాగితాలు ఎక్కడో పారేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అన్నయ్యతో ఆ ఆసుపత్రిలో అనస్థీషియా నోట్స్ అడిగించండి, ఆయన్నీ టెస్ట్ చేయించుకోమనండి, లోపముందని తేలితే ఆ సంగతి రాసిన చీటీ ఎప్పుడూ పర్సులో ఉండాలి.

ఈలోగా హెర్నియా వాపు గట్టిపడి నొప్పి, వాంతులు వస్తే వచ్చే నెల దాకా ఆగకుండా వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి. అలాంటి హడావుడి ఆపరేషన్లలోనే స్కోలిన్ ఎక్కువగా వాడతారు, అందుకని ఇంట్లోవాళ్లకు కూడా ఈ విషయం చెప్పి ఉంచండి.