క్యాన్సర్ చికిత్స తర్వాత రోజూ నొప్పి మాత్రలు వేసుకుంటే బానిసలమైపోతామా?

చికిత్స ముగిసినా నొప్పి పోలేదు, రోజూ మాత్ర వేసుకోవాలంటే భయంగా ఉందన్నారు. ముందు అది ఏ రకం నొప్పో తేలాలి. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ లాంటి కీమో మందులు నరాలను దెబ్బతీయవచ్చు. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు చాలాసార్లు వాటివల్లే. దీనికి మామూలు పెయిన్‌కిల్లర్లు పెద్దగా పనిచేయవు. డాక్టర్లు డులోక్సెటిన్ రాస్తుంటారు. డిప్రెషన్ మందు నాకెందుకని పక్కన పడేయకండి, నరాల నొప్పికీ అది వాడతారు.

అసలు జాగ్రత్త ట్రమడాల్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లతో, అంటే నల్లమందు తరహా బలమైన నొప్పి మందులతో. కొన్ని వారాలు వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే చెమటలు, వణుకు, నిద్ర పట్టకపోవడం. అంతమాత్రాన అది వ్యసనం కాదు. నొప్పి లేకున్నా మందు కోసం మనసు లాగుతుంటే, ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఎక్కువ వేసుకుంటుంటే, అప్పుడు అనుమానించాలి. మానాలనుకుంటే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ మందులు మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. మలబద్ధకం దాదాపు ఖాయం. మొదట్లోనే దానికీ మందు అడగండి, సిగ్గుపడేదేం లేదు.

పారాసిటమాల్ పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, లివర్ దెబ్బతింటే ఇంకా తక్కువ. చాలా జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, లెక్కలో కలపండి.

కొత్తచోట నొప్పి మొదలైనా, పాతది ముదురుతున్నా డోసు మీరే పెంచుకోకండి. వెంటనే క్యాన్సర్ డాక్టరుకు చూపించండి.