ఉత్ప్రేరకం వేస్తే సున్నపు బట్టీకి బొగ్గు తగ్గుతుందా?

ప్రశ్న: సార్, ల్యాబ్‌లో పొటాషియం క్లోరేట్‌కి కొంచెం మాంగనీస్ డయాక్సైడ్ కలిపితే తక్కువ వేడికే ఆక్సిజన్ వస్తుంది కదా. మా వైపు సున్నపురాయికి కూడా అలాంటిదేదైనా కలిపి కాలిస్తే బొగ్గు మిగలదా?
– డిగ్రీ విద్యార్థి, ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: ప్రశ్న చాలా బాగుంది, కానీ మీరనుకున్నట్టు మిగలదు. క్లోరేట్ విడిపోయేటప్పుడు వేడిని బయటికే వదులుతుంది, అంటే విడిపోవడానికి సిద్ధంగానే ఉంది, మధ్యలో ఒక అడ్డు ఉందంతే. మామూలుగా 356 డిగ్రీల దగ్గర కరిగి, 400 దాటాక గానీ సరిగ్గా ఆక్సిజన్ ఇవ్వని ఆ ఉప్పు, మాంగనీస్ డయాక్సైడ్ తోడైతే కరగకముందే, 200–300 డిగ్రీల మధ్యే మొదలుపెడుతుంది. ఉత్ప్రేరకం తగ్గించేది ఆ అడ్డునే.

సున్నపురాయి అలా కాదు. ప్రతి మోల్‌కి దాదాపు 178 కిలోజౌళ్లు అది తీసుకోవాల్సిందే, ఏం కలిపినా ఈ లెక్క ఒక్క జౌల్ కూడా తగ్గదు. పైగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ మళ్లీ సున్నంతో కలవగలదు, ఉత్ప్రేరకం రెండు వైపులా వేగం పెంచుతుంది. ఆ వాయువు పీడనం ఒక అట్మాస్ఫియర్‌కి చేరేది 900 డిగ్రీల దగ్గర. దాన్ని ఎప్పటికప్పుడు గాలితో బయటికి తోసేస్తే ఇంకాస్త తక్కువ వేడికే రాయి విడిపోతుంది, బట్టీ గోడల్లోంచి పోయే వేడిని ఆపితే ఇంకా మేలు. ఆదా అక్కడ వెతకండి.

ఇంకోటి, దయచేసి క్లోరేట్ ప్రయోగం లెక్చరర్ లేకుండా చేయొద్దు. రెండూ నల్లపొడులే కాబట్టి మాంగనీస్ డయాక్సైడ్ అనుకుని బొగ్గుపొడి కలిపితే పేలిపోతుంది.