నాడీ మూలకణాలను ఏరేదెలా?

ప్రశ్న: ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి మార్చి, ఏ రకం కణంగానైనా మారగలిగేలా చేసినవి) నుంచి నాడీ మూలకణాలు తయారుచేస్తున్నాం. నాడీ మూలకణాల గుర్తు నెస్టిన్‌కు అంటుకునే యాంటీబాడీతో రంగేస్తే చాలా కణాలు వెలుగుతున్నాయి గానీ వాటిని మళ్లీ పెంచలేకపోతున్నాం. ట్రిప్సిన్ ఎంజైమ్‌తో విడదీసి, కణం పైపొర మీది గుర్తు ప్రోటీన్ సీడీ133 చూస్తే సిగ్నలే సరిగా రావడం లేదు. తేడా ఎక్కడ?
– ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: నెస్టిన్ కణం లోపలుండే తంతు ప్రోటీన్. యాంటీబాడీ అక్కడిదాకా వెళ్లాలంటే కణాన్ని రసాయనంతో బిగించి (ఫిక్స్ చేసి) పొరకు చిల్లులు పెట్టాలి. అలా చచ్చిన కణం ఇక పెరగదు. కేంద్రకంలో ఉండే మరో గుర్తు సాక్స్2 సంగతీ అంతే. బతికున్న కణాలను ఏరడానికి పైపొర గుర్తులే గతి.

ఆ గుర్తుల్నే ట్రిప్సిన్ కొరికేస్తుంది. బదులుగా మృదువుగా విడదీసే ఎంజైమ్ ద్రావణం ఆక్యుటేజ్‌ను 37 డిగ్రీల దగ్గర 3 నుంచి 5 నిమిషాలు వాడండి. ద్రావణం జిగటగా సాగుతోందంటే పగిలిన కణాల డీఎన్ఏ బయటికొచ్చిందన్నమాట. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ డీఎన్ఏజ్ వేయండి, కానీ దానికి మెగ్నీషియం కావాలి. మెగ్నీషియాన్ని పట్టేసే ఈడీటీఏ ఉన్న బఫర్లో పనిచేయదు కాబట్టి ముందే వేసి, ఆ తర్వాతే 0.5 శాతం బీఎస్ఏ (ఆవు సీరం ప్రోటీన్), 2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న చల్లని పీబీఎస్ ఉప్పు ద్రావణంలోకి మార్చండి. 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టడం మరవొద్దు.

సిగ్నల్ వచ్చినా సీడీ133 ఒక్కదాన్నే నమ్మలేం. మారకుండా మిగిలిపోయిన ఐపీఎస్ కణాల మీదా అది ఉంటుంది. 2000లో మానవ పిండం మెదడు నుంచి ఏరినప్పుడు సీడీ133 ఉండి, సీడీ34, సీడీ45 లేని, సీడీ24 తక్కువున్న కణాలను తీసుకున్నారు. మీ కణాలకు ఆ లెక్క పనికిరాదు. ఐపీఎస్ లాంటి కణాల నుంచి వచ్చినవాటికి 2011లో చూపిన కలయిక వేరు: సీడీ184, సీడీ24 ఉండాలి, సీడీ44, సీడీ271 ఉండకూడదు. అక్కడ తక్కువుండాలన్న సీడీ24 ఇక్కడ కావాల్సినదైంది! సీడీ44 గ్లియాను (న్యూరాన్లకు తోడుండే కణాలు), సీడీ271 న్యూరల్ క్రెస్ట్ కణాలను (పిండంలో నాడీ గొట్టం అంచున పుట్టేవి) పట్టిస్తుంది.

రంగు వెలుగును బట్టి కణాలను ఏరే యంత్రం సార్టర్‌లో, ఏవి తీసుకోవాలో చెప్పే హద్దులను (గేట్లు) కంటి అంచనాతో గీయొద్దు. ప్రతి రంగుకూ ఎఫ్ఎంఓ కంట్రోల్ (ఆ ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన నమూనా) పెట్టండి. చచ్చిన కణాలకు యాంటీబాడీ ఊరికే అంటుకుంటుంది కాబట్టి చచ్చిన కణాల్లోకే వెళ్లే 7-ఏఏడీ రంగుతో వాటిని తప్పించండి, జంటకణాలనూ తీసేయండి. సార్టర్ నాజిల్ 100 మైక్రాన్లది, ఒత్తిడి తక్కువ ఉండాలి.

సార్టర్ వేరే ఊళ్లో ఉంటే, నెల్లూరు ఎండల్లో రంగేసిన కణాలను మోసుకెళ్లడం దండగ. ఫ్లాస్కు నిండా మీడియం పోసి, మూత బిగించి, అతుక్కున్న కణాలనే తీసుకెళ్లి అక్కడే విడదీయండి.

సార్టింగ్ తర్వాత మొదటి రోజు కణాలు చావకుండా కాపాడే వై-27632 మందు 10 మైక్రోమోలార్ ఇవ్వండి. పెరుగుదల కారకాలు ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్2 మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల చొప్పున చాలు. నిజంగా మూలకణాలేనా అని తేల్చడానికి, తర్వాత పెంపకం పళ్లెంలోని కొన్ని గుంటల్లో ఈ రెండూ ఆపేసి న్యూరాన్లు, రెండు రకాల గ్లియా అయిన ఆస్ట్రోసైట్లు, ఆలిగోడెండ్రోసైట్లు వస్తాయేమో చూడండి. మనుషుల కణాల్లో ఆలిగోడెండ్రోసైట్లు ఆలస్యంగా వస్తాయి, రెండు వారాలకే లేవని తేల్చేయకండి.