కుళాయి కట్టేస్తే భయం ఆగదు

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి చదువుతోంది. ఆరు నెలల కిందట బడి నుంచి వస్తుంటే ఒక వీధికుక్క తన కాలికి ఒరుసుకుంటూ వెళ్లింది. చిన్న గీత కూడా పడలేదు. డాక్టరు చూసి టీకా అవసరం లేదన్నారు. అయినా అప్పటి నుంచి చేతులు, కాళ్లు కడుగుతూనే ఉంది. చర్మం పగిలి రక్తం వస్తోంది. మా వీధికి రెండు రోజులకోసారి నీళ్లు వస్తాయి. డ్రమ్ము నీళ్లు ఒక్క పూటలో అయిపోతున్నాయి. “అమ్మా, నాకు రేబిస్ రాదు కదా, నా వల్ల నీకు అంటుకోదు కదా” అని రోజుకు నలభై సార్లు అడుగుతుంది. తమ్ముణ్ని తన మంచం మీద కూర్చోనివ్వదు. మా ఆయన కోపం పట్టలేక ఒకరోజు ట్యాంకు వాల్వు కట్టేశారు. ఆ రాత్రి తాగే నీళ్ల బిందె వంచి కడుక్కుంది. అందుకు కొట్టారు. మా అత్తగారు కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్దామంటున్నారు. ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళితే “అలా ఆలోచించకూడదమ్మా, ధైర్యంగా ఉండాలి” అని చెప్పి పంపేశారు. అసలు కౌన్సెలింగ్‌తో ఇది తగ్గుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ బిందె దగ్గర ఆగిపోయాను. బిందె నీళ్ల విలువ తెలిసిన ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, అర్ధరాత్రి ఆ నీళ్లనే ఒంపుకుందంటే తన లోపల ఎంత భయం ఉందో ఊహించండి. అది మొండితనం కాదు. ఆ దెబ్బ పడాల్సింది కాదు.

కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడమే అయితే దానితో ఇది తగ్గదు. మీరు రోజుకు నలభై సార్లు చెబుతున్నది ధైర్యమే కదా! కానీ ఇలాంటి బాధకు పిల్లల మీద పరీక్షించి, పనిచేస్తుందని తేల్చిన చికిత్స ఒకటి ఉంది. మీరు వెతకాల్సింది దాన్ని.

మీరు రాసిన లక్షణాలు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక సమస్యను పోలి ఉన్నాయి. అవునో కాదో మానసిక వైద్యులు పిల్లను చూసి నిర్ధారించాలి. ఓసీడీలో ఒక భయంకరమైన ఆలోచన పదే పదే చొరబడుతుంది, దాన్ని చల్లార్చడానికి ఒక పని చేసి తీరాలనిపిస్తుంది. కుక్క ఒరుసుకున్నంత మాత్రాన, చర్మం తెగనప్పుడు రేబిస్ రాదు. మీ డాక్టరు చెప్పింది నిజమే. బహుశా మీ అమ్మాయికీ అది తెలుసు. “రాదు, కానీ ఒకవేళ వస్తే?” అన్న చోటే తను చిక్కుకుంది. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతానికి తిండి పెడుతున్నది కడగడమే. కడిగిన వెంటనే భయం దిగుతుంది. “కడిగాను కాబట్టి బతికాను” అని మనసు నేర్చుకుంటుంది. కాసేపటికి అనుమానం మళ్లీ లేస్తుంది, ఈసారి ఇంకాస్త ఎక్కువ కడిగితే గానీ దిగదు. కడగకుండా ఉన్నా ఆ భయం తట్టుకోగలిగినదేనని తెలుసుకునే అవకాశం తనకు ఒక్కసారీ దొరకడం లేదు.

ఆ అవకాశాన్ని కల్పించేదే నేను చెబుతున్న చికిత్స. దాని పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, క్లుప్తంగా ఈఆర్‌పీ అంటారు. భయపెట్టే వస్తువుకు కావాలనే దగ్గరగా వెళ్లడం, ఆ తర్వాత కడుక్కోకుండా ఆగడం, ఇంతే అందులో ఉన్నది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ నిపుణుడు ఈ పద్ధతితో ఇద్దరు రోగులకు చేసిన చికిత్సను ప్రచురించారు. అందులో ఒకామె గదిలో నిజంగానే కుళాయి కట్టించారు. మీ ఆయన చేసింది కూడా అదే కదా అని మీకు అనిపించవచ్చు. కాదమ్మా. అక్కడ అది చికిత్సలో భాగం, ఆమె పక్కన రోజంతా నర్సులు ఉన్నారు. మీ ఇంట్లో కోపం వాల్వు కట్టింది, భయం బిందె వంచింది. పైగా ఇప్పుడు పిల్లలకు చేసే చికిత్సలో కుళాయి కట్టే పని ఎవరిదీ కాదు. ఆగాలా వద్దా అన్నది పిల్లే నిర్ణయించుకుంటుంది.

ఇది ఎలా సాగుతుందో చెబుతాను. ముందు మీ అమ్మాయి, చికిత్స చేసేవారు కలిసి భయాలకు పదికి మార్కులు వేస్తారు. తన చెప్పులను వేలితో ముట్టుకోవడానికి మూడు, తమ్ముడు తన మంచం మీద కూర్చుంటే ఐదు, కుక్క ఒరుసుకున్న చోటు మీదుగా నడిచి రావడానికి ఏడు, వచ్చాక చేతులు కడగకుండానే వేరుశనగ కాయలు ఒలుచుకుని తినడానికి తొమ్మిది. ఇవి నేను ఊహించి రాసినవి, తన మెట్లు తనే చెప్పాలి. మొదలయ్యేది కింది మెట్టు నుంచే. వేలితో చెప్పు తాకుతుంది, కడుక్కోకుండా కూర్చుంటుంది. భయం పైకి లేస్తుంది, కాసేపు నిలబడుతుంది. చాలాసార్లు దానంతట అదే దిగుతుంది. దిగకపోయినా ఫరవాలేదు, ఆ భయంతోనే పావుగంట ఉండగలిగానన్న అనుభవం తనకు మిగులుతుంది. మరునాడు మళ్లీ అదే మెట్టు. ప్రమాదకరమైన పని ఏదీ ఇందులో ఉండదు. వీధికుక్కను నిమరమని ఎవరూ అడగరు.

ఇక మీ సంగతి. రోజుకు నలభై సార్లు “రాదమ్మా” అని చెప్పింది ప్రేమతోనే. కానీ ఆ జవాబు కూడా ఒక కడగడమే. నీళ్లు చేతులకు చేస్తున్న పనిని మీ మాట మనసుకు చేస్తోంది. పిల్లల ఓసీడీలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇలా జరుగుతుంది. అమ్మ జవాబు చెబుతుంది, తమ్ముడు మంచం దిగుతాడు. ఇల్లంతా ఆ భయం చెప్పినట్టు నడుస్తుంది. ఇది మీ తప్పు కాదు. అలాగని రేపటి నుంచి ఒక్కసారిగా మౌనంగా ఉండిపోవద్దు, అది పిల్లకు శిక్షలా తోస్తుంది. ఇకపై ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోనని, తను ప్రశాంతంగా ఉన్న వేళ ముందే చెప్పండి. తర్వాత తను అడిగినప్పుడు ఇలా అనవచ్చు: “నీకు చాలా భయంగా ఉందని నాకు తెలుసు. ఈ ప్రశ్న ఓసీడీ అడుగుతోంది, దానికి నేను జవాబు చెప్పను. నీ పక్కన మాత్రం కూర్చుంటాను.” ఏడుస్తుంది, అరుస్తుంది. మీరు లేవకండి. చికిత్స మొదలయ్యాక వారు చెప్పిన క్రమంలో, ఒకేసారి ఒక్క అలవాటే తగ్గించండి.

తగ్గుతుందా అని అడిగారు. అమెరికాలో మూడు విశ్వవిద్యాలయాలు కలిసి, ఓసీడీ ఉన్న 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మందిని 12 వారాలు పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించాయి. జబ్బు లక్షణాలు దాదాపు పోయినవారు ఈ చికిత్స ఒక్కటే పొందినవారిలో 39 శాతం, చికిత్సతో పాటు సెర్ట్రలిన్ మందు వాడినవారిలో 54 శాతం, మందు మాత్రమే వాడినవారిలో 21 శాతం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 4 శాతం లోపు. అందరికీ పూర్తిగా నయమవుతుందని నేను చెప్పను. కానీ ఆరు నెలలుగా ఒక పిల్ల చేతులు రక్తం కారుతుంటే, ఈ అంకెలు చూశాక ఇంకొక్క వారం ఆలస్యం చేయడం నాకు తగదనిపిస్తుంది. మందు అవసరమని మానసిక వైద్యులు అంటే బెదరకండి, మీకు మీరుగా మధ్యలో ఆపకండి.

ముందు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. పగిలిన చేతులను కూడా చూపించండి. అక్కడి నుంచి క్లినికల్ సైకాలజిస్టు, అంటే ఇలాంటి చికిత్స చేసే మనస్తత్వ నిపుణుల దగ్గరికి పంపమని అడగండి. వారికి భారత పునరావాస మండలి నమోదు ఉందేమో చూసుకోండి, “పిల్లలకు ఈఆర్‌పీ చేయించిన అనుభవం ఉందా?” అని మొహమాటం లేకుండా అడగండి. దగ్గర్లో దొరకకపోతే బెంగళూరులో నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థ ఉంది. అక్కడ పిల్లలకూ కౌమార వయసు వారికీ ప్రత్యేక విభాగమే ఉంది. మన జిల్లా వారికి హైదరాబాదు కన్నా అదే దగ్గర. మానసిక ఇబ్బందుల్లో సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్ల ఎప్పుడైనా బతకాలని లేదంటే మాత్రం తనను ఒంటరిగా వదలకండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కసాపురం వెళ్లండి. ఆంజనేయస్వామి దగ్గర మీ అత్తగారి మనసు కుదుటపడితే అది ఇంటికి మంచిదే. కానీ దెయ్యం పట్టిందనో, పాపం తగిలిందనో పిల్ల చెవిన పడనివ్వకండి. తన వల్ల మీకు ఏదో జరుగుతుందని ఇప్పటికే వణికిపోతున్న పిల్ల అది. ఆసుపత్రి తేదీ మాత్రం యాత్ర కోసం వాయిదా వేయకండి.

మొదటిరోజు మీ ఆయనను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పిల్ల మొండిగా లేదన్న మాట ఆయన వైద్యుల నోటి నుంచే వినాలి. ఈలోగా కొట్టినందుకు పిల్లకు క్షమాపణ చెప్పమనండి. ట్యాంకు వాల్వు తెరిచే ఉంచమనండి.