తారు రోడ్డు మీద దమ్ము చక్రాలు

సందేహం: అక్కగారూ, నేను ఆగస్టులో హైదరాబాద్ నుంచి డెన్వర్ వచ్చాను. మా ఆఫీసులో శనివారం వస్తే అందరూ కొండెక్కి మంచు మీద జారేవాళ్లే. వాళ్లతో కలిసి మూడుసార్లు అద్దె స్కీలతో, అదే కాళ్లకి తగిలించుకునే జారుడు పట్టీలతో, వెళ్లాను. రెండోసారి బాగానే వచ్చిందనిపించింది. మూడోసారి అదే వాలు మీద అడుగడుక్కీ పడ్డాను. అద్దె స్కీల వల్లే అలా అవుతుంది, సొంతవి కొనుక్కోమంటున్నారు. ఒకరేమో స్కీ నడుము 78 ఉన్నవి తీసుకోమంటారు, ఇంకొకరు 100కి తగ్గొద్దంటారు. సేల్‌లో 700 డాలర్లకి ఒక జత చూసిపెట్టుకున్నాను. కొనమంటారా?

జవాబు: కొనకు తమ్ముడూ. ఆ 700 బ్యాంకులోనే ఉండనీ.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఈ మంచులో నేను పోగొట్టుకున్న ప్రతి డాలరూ నా దగ్గర రాసి ఉంది. 2005లో ఈ ఊరొచ్చినప్పటి నుంచి ఒకటే ఖర్చుల పుస్తకం. అందులో వెనక నాలుగు పేజీలకి ‘కొండ ఖర్చు’ అని పేరు పెట్టాను. మా ఆయన ఆ పేజీలు తెరవద్దంటారు. నేను మాత్రం నీలాంటివాళ్లు అడిగినప్పుడల్లా తెరుస్తాను.

మొదటి పద్దు 40 డాలర్లు. మా వీధిలో ఎవరో గరాజ్ సేల్ పెడితే అక్కడ కొన్న స్కీలు. నేను అయిదడుగుల రెండంగుళాల మనిషిని, అవి 195 సెంటీమీటర్ల పొడవు. అదే ధరకి సరుకు ఎక్కువ వచ్చిందని సంబరపడ్డాను! మరమ్మతు షాపుకి తీసుకెళితే అక్కడి కుర్రాడు బైండింగులు చూసి, వీటిని నేను ముట్టుకోనన్నాడు. ఎంతిస్తానన్నా వినలేదు. బూటుని స్కీకి పట్టి ఉంచేదీ, పడ్డప్పుడు వదిలేసి కాలు కాపాడేదీ బైండింగే. మరీ పాతబడ్డ వాటికి కంపెనీలు పూచీ ఉండవు, పూచీ లేనిది షాపువాడు బిగించడు. ఆ స్కీలు ఇప్పుడు మా పెరట్లో సొరపాదుకి పందిరి గుంజలు. ఆ పనికి మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

వాటిలో అసలు లోపం వయసు కాదు, ఆకారం. అవి దాదాపు తిన్నటి పట్టీలు. ఇప్పటి స్కీ డమరుకంలా ఉంటుంది, ముక్కూ తోకా వెడల్పు, నడుము సన్నం. నీకు వాళ్లు చెప్పిన 78, 100 ఆ నడుము వెడల్పే, మిల్లీమీటర్లలో. స్కీని అంచు మీదకి వంచి బరువేస్తే ముక్కూ తోకా ముందు మంచుని పట్టుకుంటాయి, నడుము కిందకి దిగుతుంది, స్కీ మొత్తం విల్లులా వంగుతుంది. ఆ విల్లు గీసిన దారినే అది పోతుంది. మలుపు తిప్పేది నీ కండ కాదు, ఆ వంపు. స్కీ మీద ‘ఆర్ 14’ అని ఉంటే స్కీ పక్క అంచుల వంపు 14 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలోదని అర్థం. అంకె తగ్గేకొద్దీ పొట్టి మలుపులు. 1993లో స్లొవేనియాలోని ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అనే లోతు నడుము స్కీలు తెచ్చింది. తర్వాత కొన్నేళ్లకే తిన్నటివన్నీ గరాజుల్లోకి చేరాయి, అక్కడి నుంచి నాలాంటి తెలివైనవాళ్ల చేతికి.

రెండో తప్పు డబ్బుది కాదు, సిగ్గుది. అద్దె షాపులో ఎత్తు, వయసు, బరువు రాయమని ఫారం ఇస్తారు చూడు. పక్కన మావారి స్నేహితులు నిలబడి ఉన్నారని నేను బరువు పదిహేను పౌండ్లు తగ్గించి రాశాను. బైండింగ్ ఎంత గట్టిగా పట్టాలన్నది ఆ అంకెల్ని బట్టే బిగిస్తారని నాకేం తెలుసు? రోజంతా కాస్త కుదుపుకే స్కీ ఊడిపోవడం, మంచులో కూర్చుని మళ్లీ తొడుక్కోవడం. నువ్వు మగాడివి, బరువు దాచవు గానీ, ‘ఎక్స్‌పర్ట్’ అనే గడిలో మాత్రం టిక్కు పెట్టొద్దు. అప్పుడు అవసరానికి మించి బిగిస్తారు. పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది.

ఇక అసలు గాయం, 649 డాలర్ల పద్దు. 2011 శీతాకాలానికి ముందు, కొలరాడో అంటే పౌడర్ అని ఎవరో అంటే విని 108 నడుముతో ఒక జత కొన్నాను. పౌడర్ అంటే కొత్తగా పడిన తేలిక మంచు, జల్లించిన పిండిలా ఉంటుంది. దాన్లో మునగకుండా తేలాలంటే స్కీ వెడల్పుగా ఉండాలి, ముక్కు పడవ ముక్కులా ముందు నుంచే పైకి లేవాలి. అలా లేవడాన్ని రాకర్ అంటారు. అంతవరకూ నిజమే. కానీ ఆ ఏడు కొలరాడోలో మంచు సరిగా పడనేలేదు. ఉన్న కాస్త మంచూ జనం తొక్కి తొక్కి గట్టిపడింది. దాని మీద ఆ వెడల్పు స్కీలు, అచ్చం మా తెనాలి వైపు దమ్ము చక్రాలు తగిలించిన ట్రాక్టర్‌ని తారు రోడ్డెక్కించినట్టు! బురదలో దానికి సాటి లేదు, రోడ్డు మీద అడుగు తీసి అడుగు వేయలేదు. నడుము వెడల్పయ్యేకొద్దీ స్కీని అంచు మీదకి వాల్చడానికి మోకాలు ఎక్కువ కష్టపడాలి. రాకర్ వల్ల ముక్కు గాల్లోనే ఉంటుంది కాబట్టి మంచుని కరిచే అంచు పొడవు తగ్గిపోతుంది. జనవరిలో 250కి అమ్మేశాను. పోయిన 399 కింద ఎర్ర సిరాతో రెండు గీతలు ఉన్నాయి.

గట్టి మంచుకి కావాల్సింది కాంబర్. ఎవరివైనా మామూలు స్కీలు రెండు అడుగుభాగాలు కలిపి పట్టుకుని చూడు. ముక్కు దగ్గర, తోక దగ్గర అంటుకుంటాయి, మధ్యలో అట్లకాడ దూరేంత సందు ఉంటుంది. నువ్వు ఎక్కి నిలబడితే ఆ సందు అణుగుతుంది, నీ బరువు పొడవునా పంచుకుని అంచు చివరిదాకా కరుస్తుంది. ఇప్పటి స్కీల్లో చాలావాటికి ముక్కు దగ్గర కాస్త రాకర్, పాదం కింద కాంబర్, రెండూ ఉంటాయి. 78 అన్నవాడు గట్టి మంచు మీద తిరిగే మనిషి, 100 అన్నవాడు కొత్త మంచు పడితే సెలవు పెట్టే మనిషి. ఇద్దరూ నిజమే చెప్పారు, ఎవరికి వాళ్లు.

ఇప్పుడు నీ మూడోసారి సంగతికొద్దాం. స్కీలు అవే, వాలు అదే, పడ్డావు. మరి మారిందేమిటి? మంచు. మన చిక్కేమిటంటే మనకి అంతా మంచే. పొద్దున గడ్డి మీద తడీ మంచే, రోడ్డు మీద పొగా మంచే. కానీ నేల సంగతొస్తే మన ఊళ్లో రైతు చెప్పులు విప్పి రెండడుగులు వేసి ఇది రేగడి, ఇది చౌడు, ఇది ఇంకా పదునెక్కలేదు అని చెప్పేస్తాడు. ఇక్కడ మంచుని అలా కాలితో చదవడం నేర్చుకోవాలి. నాకు ఆరేళ్లు పట్టింది, నీకు చెబుతున్నాను కాబట్టి రెండేళ్లు చాలు.

పొద్దున్నే యంత్రంతో దున్నిన వాలు మీద సన్నటి చాళ్లు కనిపిస్తాయి, కార్డురాయ్ అంటారు. కొత్తవాళ్లకి అంతకన్నా మంచి నేల లేదు. మధ్యాహ్నానికి జనం ఆ చాళ్లన్నీ గీకేస్తారు, కింద నున్నటి గట్టి పొర తేలుతుంది. నువ్వు పడ్డది దాని మీదే అయ్యుంటుంది. దాని మీద మనందరం చేసే పని ఒకటే, భయపడి వెనక్కి వాలి స్కీల్ని ఒక్కసారిగా అడ్డం తిప్పుతాం. సర్రున జారిపోతాం. మోకాలి కింది ఎముక బూటు ముందు భాగానికి ఆనాలి. మలుపుకి బయటివైపు ఉన్న కాలి మీద బరువు పెట్టాలి, అంటే కుడికి తిరుగుతుంటే ఎడమ కాలి మీద. అంచుని మెల్లగా దించాలి, గుచ్చకూడదు. చెవులు కూడా పెట్టు. గరగరమని గీకుతున్న చప్పుడొస్తే జారుతున్నావు, సన్నగా కోస్తున్న చప్పుడొస్తే అంచు పట్టింది.

కొత్త మంచు మోకాలి దాకా పడితే ఈ పాఠం తిరగబడుతుంది. బయటి కాలి మీదే బరువంతా వేస్తే ఆ కాలు మునిగిపోతుంది, రెండోది తేలుతుంది, నువ్వు మధ్యలో చీలిపోతావు. పాదాలు కాస్త దగ్గరగా పెట్టి, రెంటి మీదా ఇంచుమించు సమానంగా నిలబడి, గుండ్రటి మలుపులు తీరిగ్గా తిప్పాలి. మరీ నెమ్మదైతే తేలవు, కొంచెం వేగం ఉండాలి. వెనక్కి కూర్చోమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. తొడలు మండడం తప్ప ఏమీ రాదు.

వసంతం మంచుకి నేను కట్టిన ఫీజు మిగతా అన్నిటికంటే ఎక్కువ. 2012 మార్చిలోనే ఎండలు ముదిరాయి. అప్పుడు మేం వెళ్లింది లవ్‌ల్యాండ్‌కి, ఐసెన్‌హోవర్ సొరంగం పక్కనే ఉంటుంది. రాత్రి గడ్డకట్టింది పొద్దున రాయిలా ఉంటుంది. పది దాటాక పైపొర కరిగి జొన్న గింజల్లా రవ్వరవ్వగా అవుతుంది. ఆ గంటా రెండు గంటలూ స్వర్గం. ఒంటిగంటకి చెరుకురసం బండి దగ్గర కొట్టిన ఐసు ముక్కల్లా నీరు పట్టేస్తుంది, దాన్నే స్లష్ అంటారు. నేను పైసా వసూల్ అని నాలుగింటిదాకా దిగేదాన్ని. టికెట్ కొన్నాక మధ్యాహ్నం ఇంటికెలా పోతాం? చెట్ల నీడలో మంచు గట్టిగా ఉంది, వేగంగా జారుతున్నాను, నీడ దాటి ఎండలోకి రాగానే ఎవరో కాళ్లు పట్టి లాగినట్టయింది. స్కీలు ఆగాయి, నేను ఆగలేదు. స్కీ అడుగున నీటి పొర చేరితే అది అలా అతుక్కుంటుంది. నీడ అంచు కనిపించగానే ముందే వేగం తగ్గించాలి, ఒక పాదం అర అడుగు ముందుకి జరిపి కాస్త మడమల మీదకి రావాలి. స్లష్‌లో అంచు మరీ లోతుగా దించకూడదు, రెండు కాళ్లూ సమానంగా వాడాలి, పొట్టి మలుపుల జోలికి పోకూడదు. వేడి మంచుకి స్కీ అడుగున రాసే వ్యాక్స్, అంటే మైనం, వేరే ఉంటుంది, సబ్బు బిళ్లలా రుద్దేది పది, పదిహేను డాలర్లకి దొరుకుతుంది. ఇవన్నీ మోకాలికి పట్టీ వేసుకుని సోఫాలో పడుకున్నప్పుడు నేర్చుకున్నాను.

కొండ మీద నుంచి అక్కడి సిబ్బంది నన్ను తోపుడు బండిలాంటి దాన్లో పడుకోబెట్టి కిందకి తెచ్చినందుకు నా దగ్గర ఒక్క డాలరు తీసుకోలేదు. ఆ ధైర్యంతో ఎక్స్‌రే తీయించుకున్నాను, తర్వాత ఎమ్మారై అన్నారు. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాను. కానీ ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చేముందు మన చేతి నుంచి కట్టాల్సిన డిడక్టిబుల్ ఆ ఏడాది ఇంకా మొదలే కాలేదు. అన్నీ కలిపి 2,140 డాలర్లు. అప్పటి లెక్కలో లక్ష రూపాయల పైమాటే. తేలిందేమిటంటే లిగమెంటు సాగిందట, తెగలేదట. ఆ వారం అమ్మకి ఫోన్ చేసి జలుబు చేసిందని చెప్పాను. లక్ష మాట విని ఉంటే ఆవిడకి మోకాలు కాదు, గుండె పట్టేసేది.

కాబట్టి డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలో విను. ముందు పాఠాలు. చాలా కొండల్లో కొత్తవాళ్లకి పైకి చేర్చే లిఫ్టు, అద్దె, పాఠం కలిపి ప్యాకేజీ ఇస్తారు. ఆఫీసు స్నేహితుడు ఉచితంగా నేర్పుతానంటాడు, వద్దను. వాడు నిన్ను పైకి తీసుకెళ్లి కిందకి రమ్మంటాడు, అంతే. వచ్చే ఏడు బూట్లు. పాదం ఎన్ని సెంటీమీటర్లుంటే అదే సైజు, 26.5 పాదానికి 26.5. బిగుతుగా ఉందని పెద్దవి తీసుకుంటే లోపల కాలు కదులుతుంది, నువ్వు చెప్పింది స్కీకి చేరదు. ఒక్క జత పల్చటి సాక్సే, రెండు కాదు. స్కీలు సీజన్ మొత్తానికి అద్దెకిచ్చే షాపులు ఊళ్లోనే ఉన్నాయి, అవి తీసుకో. 75 నుంచి 85 మధ్య నడుము, నీ గడ్డానికీ ముక్కుకీ మధ్యకొచ్చే పొడవు ఉన్నవి కావాలని అడుగు. అంచులు పదును పెట్టించారా అని కూడా అడుగు. గట్టి మంచు మీద మొండి అంచుతో జారితే ఆ తప్పు నీది కాదు. లిఫ్టు టికెట్ విడిగా కాకుండా, చాలా కొండలకి పనికొచ్చే ఎపిక్ పాసో, ఐకాన్ పాసో చలికాలం రాకముందే చూసుకోవాలి. కౌంటర్ దగ్గర ఒక్క రోజుకి 200 డాలర్లు దాటే కొండలున్నాయి, ఆ అంకె చూసి నాకు ఇప్పటికీ కళ్లు తిరుగుతాయి. కారు టైర్ల రూలు, కొండలకి వెళ్లే ఐ-70 హైవే మీద టైర్లకి చైన్ల గొడవ రాష్ట్రం వాళ్ల సైటులో ఉంటాయి, చదువుకో. తిండి ఇంటి నుంచే. చపాతీలో ఆలూ కూర చుట్టి, ఫాయిల్ వేసి, జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటే మధ్యాహ్నానికి కూడా గోరువెచ్చగా ఉంటుంది. కొండ మీద బర్గర్ డబ్బుతో ఇంట్లో నలుగురికి బిర్యానీ అవుతుంది.

ఇంకొకటి. జీన్స్ వేసుకుని వెళ్లకు, తడిస్తే ఆరదు. మంచు ప్యాంటు కూడా కొనకు. మావాడు కాలేజీకి వెళ్లాడు, వాడిది నల్లది ఒకటి అల్మారాలో ఉంది, నడుము 32. సరిపోతే ఈ సీజనంతా వాడుకో, ఏప్రిల్లో ఉతికి తెచ్చివ్వు. డ్రయ్యర్లో మాత్రం వేడి మీద వేయకు, అది 85 డాలర్ల ప్యాంటు.