గ్యాలరీ గుమ్మం ముందు ఆగిపోయిన చెల్లెలికి

ప్రశ్న: అక్కయ్యా, నాకు 58 ఏళ్లు. పిల్లల చదువులు అయిపోయాక కుంచె పట్టుకున్నాను, 12 ఏళ్లుగా వేస్తున్నాను. ఇంట్లో 40కి పైగా కాన్వాసులు ఉన్నాయి, సగం మంచం కిందే. ఒక్కసారైనా నలుగురికీ చూపించాలని ఉంది. మొన్న బంజారాహిల్స్‌లో ఒక గ్యాలరీ దాకా వెళ్లి, గాజు తలుపు చూసి వెనక్కి వచ్చేశాను. ఏం కొంటారని అడిగితే ఏం చెప్పాలి? అసలు నాలాంటి వారిని రానిస్తారా? ప్రదర్శన పెట్టాలంటే ఎవరిని అడగాలి?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: చెల్లీ, ఆ గాజు తలుపు నాకూ తెలుసు. నేను మొదటిసారి గ్యాలరీకి వెళ్లింది బడిలో డ్రాయింగు క్లాసు అయిపోయాక, నేరుగా బస్సు దిగి. చేతిసంచిలో పిల్లల పరీక్ష కాగితాలు, గోళ్ల సందుల్లో ముందు రాత్రి ఎచింగ్ ప్రెస్ దగ్గర అంటిన నల్ల సిరా. ఎచింగ్ అంటే లోహపు పలక మీద చెక్కిన బొమ్మను కాగితం మీదికి ముద్ర తీయడం. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసి, చిన్నగా నవ్వి, మళ్లీ తన పనిలో పడిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. 40 నిమిషాలు చూసి, చివరి బొమ్మ దగ్గరికి మళ్లీ ఒకసారి వెళ్లి నిలబడి, బయటికి వచ్చాను.

మన నగరంలో గ్యాలరీలు చూడడానికి టిక్కెట్టు ఉండదు. కొనకపోతే తప్పు లేదు. బొమ్మ పక్కన ధర కనిపించకపోతే బల్ల దగ్గర ధరల పట్టిక ఉంటుంది, అడిగితే చూపిస్తారు. పేరు చీటీ మీద చిన్న ఎర్ర చుక్క ఉంటే ఆ బొమ్మ అమ్ముడైందని గుర్తు. ఈ మాత్రం తెలిస్తే లోపల తడబడనక్కర లేదు.

మొదట మాదాపూర్‌లోని చిత్రమయికి వెళ్లండి. రాష్ట్ర ప్రభుత్వపు ఆర్ట్ గ్యాలరీ అది, కావూరి హిల్స్‌లో ఉంది. మీ ఇంటికి మరీ దూరమూ కాదు. పెద్ద హాళ్లు, ఎత్తైన గోడలు. సెలవు రోజున కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే బొమ్మతో ఒంటరిగా ఉండే వీలు దొరుకుతుంది. రెండోసారి బంజారాహిల్స్‌లోని కళాకృతికి వెళ్లండి. 2002లో మొదలైన ప్రైవేటు గ్యాలరీ. ఈ రెంటినీ చూస్తే ప్రభుత్వ హాలుకీ ప్రైవేటు గ్యాలరీకీ బొమ్మలు తగిలించే తీరులోనే ఎంత తేడా ఉందో మీ కంటికే తెలుస్తుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎంత గోడ వదిలారు, దీపం ఎటు నుంచి పడుతోంది, బొమ్మ మధ్య భాగం మీ కంటి ఎత్తుకి వచ్చిందా — ఇవి చూసి ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. రేపు మీ బొమ్మలు తగిలించే రోజున ఆ పుస్తకమే పనికొస్తుంది.

ఇక ప్రదర్శన సంగతి. దారులు రెండు, వీటిని కలిపేసుకుని చాలామంది నష్టపోతున్నారు. మొదటిది హాలు అద్దెకు తీసుకోవడం. అద్దె, ఫ్రేములు, ఆహ్వాన పత్రాలు, రవాణా, టీ ఖర్చు అన్నీ మీవే. బొమ్మ అమ్ముడైతే డబ్బు కూడా మీదే. రెండోది, గ్యాలరీ తానే మిమ్మల్ని ఎంచుకోవడం. అప్పుడు ప్రదర్శన ఖర్చులు చాలావరకు వారు పెట్టుకుంటారు, అమ్మిన ధరలో వాటా తీసుకుంటారు. ఆ వాటా మూడో వంతు నుంచి సగం దాకా ఉండడం మామూలే, దాన్ని దోపిడీ అనుకోకండి. అయితే అద్దె మొత్తం తీసుకుని, పైన అమ్మకంలో సగం కూడా అడిగేవారు కనిపిస్తే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. ఏ దారిలో వెళ్లినా మాట కాగితం మీద ఉండాలి. ఏ బొమ్మలు ఇచ్చారు, ధర ఎంత, దెబ్బ తింటే బాధ్యత ఎవరిది, డబ్బు ఎన్నాళ్లలో ఇస్తారు — నాలుగు వాక్యాలు చాలు.

ఒంటరిగా మొదటి ప్రదర్శన పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. నా మొదటి ప్రదర్శన నేనొక్కదాన్నే పెట్టాను. జూలై నెల, ముసురు. 22 ఎచింగ్‌లు. డబ్బు కలిసొస్తుందని మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) లేకుండా కాగితాన్ని నేరుగా అద్దానికి ఆనించి ఫ్రేము కట్టించాను. అద్దె హాలు గోడ చెమ్మగా ఉంది. మూడో రోజు ఉదయం వెళ్లి చూస్తే ఐదు ముద్రలు అద్దానికి అతుక్కుని ఉన్నాయి. విప్పబోతే సిరా అద్దం మీదే ఉండిపోయి కాగితం చిరిగింది. అందులో ఒకటి మా అమ్మ ముఖం. ఆ జింకు పలకను అప్పటికే అరగదీసి వేరే బొమ్మకు వాడేశాను, మళ్లీ ముద్ర తీసే వీలు లేదు. పక్కన ఇంకో చిత్రకారిణి ఉండి ఉంటే ఫ్రేము కట్టే రోజునే "మౌంట్ ఏది?" అని అడిగేది. అద్దానికీ కాగితానికీ మధ్య గాలి ఆడే సందు ఇవ్వడమే మౌంట్ చేసే అసలు పని, అందం తర్వాత సంగతి. మీవి యాక్రిలిక్ కాన్వాసులైతే అద్దమే అవసరం లేదు. కానీ వాటిని ఒకదాని మీద ఒకటి మంచం కింద పెట్టకండి. వేసవిలో ఆ రంగు పొర మెత్తబడి పక్కదానికి అంటుకుంటుంది. నిలువుగా, మధ్యలో అట్ట పెట్టి ఉంచండి. ఈ పని ఇవాళే చేయండి.

తోడు ఎక్కడ దొరుకుతుందంటారా? ప్రదర్శన మొదలయ్యే సాయంత్రాలకు వెళ్లండి. ఒకే ముఖాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి, మూడోసారికి పలకరింపు దానంతట అదే వస్తుంది. 1941లో మొదలైన హైదరాబాద్ ఆర్ట్ సొసైటీ చిత్రకారులు కలిసి పెట్టుకున్న సంఘమే. 2010లో బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంటిని లామకాన్ అనే పేరుతో అందరికీ తెరిచినప్పుడు, అక్కడ టీ గ్లాసు పట్టుకుని కూర్చుని నేను విన్న మాటలు ఏ పుస్తకంలోనూ చదవలేదు. నలుగురు కలిస్తే హాలు అద్దె నాలుగు భాగాలవుతుంది, చూసేవారు నాలుగింతలు అవుతారు. నలుగురి చుట్టాలూ వస్తారు కదా!

రాజమండ్రి దామెర్ల రామారావు గారి గ్యాలరీ ఎప్పుడైనా చూశారా? 1897లో పుట్టిన మనిషి, 1925లో మశూచి సోకి 28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. ఆయన బొమ్మల్ని గుర్తించి బొంబాయిలోని జె.జె. చిత్రకళా స్కూల్‌కు దారి చూపినవారు రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. చదువు ముగించి తిరిగి వచ్చాక రామారావు గారు తన బొమ్మలు తాను వేసుకుని ఊరుకోలేదు. రాజమండ్రిలో తోటివారిని కూడగట్టి చిత్రకళాశాల నిలబెట్టారు. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు ఆ పని భుజాన వేసుకున్నారు. అందుకే ఆ బొమ్మలు ఇళ్లల్లో చెదపురుగుల పాలు కాకుండా ఇవాళ గోడ మీద ఉన్నాయి. ఆ గ్యాలరీలో నిలబడినప్పుడల్లా నాకు రామారావు గారి కంటే వెంకటరత్నం గారే ఎక్కువ గుర్తుకొస్తారు.

మీ 40 బొమ్మల్లో 12 ఎంచండి. ఒకే విషయం చుట్టూ తిరిగేవి ఎంచండి, బాగున్నాయని అందరూ అన్నవి కాదు. మంచి వెలుతురులో ఫొటోలు తీసి, కొలతలు రాసి ఉంచుకోండి.

ప్రశ్న: మాది కరీంనగర్. మోటారు విడిభాగాల దుకాణం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. బొమ్మల కాలేజీలో చేరతానని పట్టుబడుతున్నాడు. అన్నం పెట్టే చదువేనా అది? కోపంతో అడగడం లేదు, భయంతో అడుగుతున్నాను.
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: భయమని రాశారు, ఆ మాటకు మీకు నమస్కారం. 31 ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పాను, ఎందరో తండ్రులు ఇదే మాట కోపంగా అడిగారు.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ నాలుగేళ్ల బి.ఎఫ్.ఎ., అంటే లలిత కళల డిగ్రీ, చదవవచ్చు. చిత్రకళ, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనల వంటి వాటికి వేసే బొమ్మల పని), ఫొటోగ్రఫీ, యానిమేషన్ శాఖలు ఉన్నాయి. ఫేడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఫైన్ ఆర్ట్స్ శాఖ ఉంది. పై చదువుకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ అనే కళల విభాగం ఉంది. డబ్బు ఇబ్బంది అయితే, కృష్ణాకృతి ఫౌండేషన్ కళా విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తుంది, దరఖాస్తు చేయించండి.

అన్నం విషయం దాచకుండా చెబుతాను. బొమ్మలు అమ్ముకుని మాత్రమే బతికేవారు కొద్దిమంది. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చదివినవారికి ప్రకటనల్లో, సినిమాల్లో, ఆటల కంపెనీల్లో పని దొరుకుతుంది. మిగతావారిలో చాలామంది ఉద్యోగం చేస్తూనే వేస్తారు. ఇందులో చిన్నతనమేమీ లేదు. పేరున్న చిత్రకారులు లక్ష్మా గౌడ్ గారంతటివారు దూరదర్శన్‌లో ఉద్యోగం చేశారు, తర్వాత విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. ఆయన ఎచింగ్‌లు చూసే నేను ఆ ప్రెస్ చక్రం తిప్పడం నేర్చుకోవాలనుకున్నాను. ఇంకోమాట, చిత్రకారులు పి.టి. రెడ్డి గారూ తోట వైకుంఠం గారూ మీ కరీంనగర్ జిల్లా పల్లెల్లో పుట్టినవారే. నుదుట పెద్ద బొట్టు, ముదురు రంగు చీర కట్టిన వైకుంఠం గారి స్త్రీలను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మీ దుకాణానికి వచ్చే తల్లులే వాళ్లు.

ఒక ఆదివారం మీరూ అబ్బాయీ కలిసి హైదరాబాద్ రండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో చిత్రాల గదులు చూడండి. అతను ఏ బొమ్మ ముందు ఎంతసేపు ఆగుతున్నాడో గమనించండి. మీరు పక్కనే ఉండండి, మాట్లాడవద్దు.

ప్రశ్న: మా కాలనీ ప్రహరీ గోడ మీద పిల్లలతో బొమ్మలు వేయించాలనుకుంటున్నాము. ఖైరతాబాద్ దగ్గర మక్తాలో వేసినట్టు చేయాలని మా ఆశ. ఎలా మొదలుపెట్టాలి?
— కాలనీ సంఘం సభ్యురాలు, ఉప్పల్

జవాబు: 2016లో వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా సంస్థ ఎం.ఎస్. మక్తాలో వేయించిన గోడ బొమ్మలు నేనూ చూశాను. అక్కడ మనుషులు కాపురం ఉండే ఇళ్ల గోడలే కాన్వాసులయ్యాయి. అందువల్ల మీరు కూడా మొదట ఆ గోడకు ఎదురుగా ఉండే ఇళ్లవారిని అడగండి, రోజూ కిటికీ తీస్తే చూడవలసింది వాళ్లు.

తర్వాత గోడను తడిమి చూడండి. అవతలి వైపు మొక్కలకు నీళ్లు పోస్తూ ఉంటే చెమ్మ ఎక్కుతుంది, ఎంత మంచి రంగయినా రెండు వానలకు పెచ్చులు లేస్తుంది. పాత సున్నం గీకించి, చెమ్మ ఆపించి, గోడ పూర్తిగా ఆరాక ప్రైమరు వేయించండి. బయటి గోడలకు వాడే ఎమల్షన్ తీసుకోండి, పోస్టరు రంగులు పనికిరావు. ఎండ ముదరక ముందే, ఉదయం తొమ్మిదిలోపు పని ఆపండి. పిల్లలకు నడుము ఎత్తు వరకే ఇవ్వండి, పై భాగం పెద్దవాళ్లు నిచ్చెన మీద వేయాలి. బొమ్మను ముందు కాగితం మీద గళ్లు గీసి వేసుకుని, అవే గళ్లను సుద్దతో గోడ మీద పెద్దవి చేసుకోండి. గోడ పొడవు, ఎత్తు కొలిచి, ఒక ఫొటోతో రాయండి. ఎన్ని లీటర్ల రంగు పడుతుందో వచ్చే సంచికలో లెక్క వేసి చెబుతాను.