ఉప్పునీటి పంపుకు ఏ షాఫ్టు?

ప్రశ్న: సముద్రపు నీరు తోడే పంపులకు ఎస్‌ఎస్ 316 (ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) షాఫ్టులు చేసి ఇస్తుంటాం. గ్లాండు (షాఫ్టు చుట్టూ నీరు కారకుండా ఆపే భాగం) కింద గుంటలు పడి తిరిగొస్తున్నాయి. మోనెల్ 400 (నికెల్-రాగి మిశ్రలోహం) వేస్తే బలంగా ఉంటుందంటున్నారు. నిజమేనా?
– లేతు షాపు యజమాని, అంబత్తూరు, చెన్నై

జవాబు: తుప్పు విషయంలో మేలే, బలం విషయంలో కాదు. ఎనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరచిన) 400 బారుకు కనీస యీల్డ్, అంటే లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి, 170 మెగాపాస్కల్స్. మీ 316దే 205. సైజు మార్చకుండా 400 వేయకండి.

ముందు ప్యాకింగ్ (గ్లాండులో షాఫ్టు చుట్టూ కూరే తాడులాంటిది) చూడండి. గ్రాఫైట్‌దైతే వెంటనే తీసేయండి. ఉప్పునీటిలో గ్రాఫైట్ పక్కన ఉన్న స్టీలే తినేయబడుతుంది. టెఫ్లాన్ ప్యాకింగ్ వేసి, పంపు ఆపినప్పుడల్లా గ్లాండును మంచినీటితో కడగమనండి. అన్నిటికన్నా చవకైన మార్పు ఇదే.

బలం కావాలంటే మోనెల్ కె-500. అదే నికెల్-రాగి లోహానికి కాస్త అల్యూమినియం, టైటానియం చేర్చినది. ఏజింగ్ (నిర్ణీత వేడిలో గంటల తరబడి ఉంచి గట్టిపరచడం) చేసిన బారుకు కనీస యీల్డ్, బారు రకాన్ని బట్టి, 585 నుంచి 690 దాకా. ఎనీల్ స్థితిలో రఫ్ టర్నింగ్ (లేతుపై తొలి ముతక కోత) చేసి, సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వద్ద 16 గంటలు ఉంచాలి. తర్వాత గంటకు 8 నుంచి 14 డిగ్రీల చొప్పున 480 దాకా ఫర్నేసులోనే చల్లార్చాలి. ఏజింగ్‌లో లోహం కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి ఫినిష్ కట్ (సరైన కొలతకు తెచ్చే చివరి కోత) ఆ తర్వాతే. టూలు మొద్దుబారి రుద్దుకుంటే పైపొర గట్టిపడి, తర్వాతి కట్ మొరాయిస్తుంది. పదునైన కార్బైడు వాడండి, ఫీడు మధ్యలో ఆపకండి.

ఇంకో జాగ్రత్త. పంపుకు జింక్ ఆనోడ్ (పంపు బదులు తానే తుప్పుపట్టే జింక్ ముక్క) బిగిస్తే, ఏజింగ్ చేసిన కె-500లోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారే ప్రమాదం ఉంది. కె-500 బోల్టులు ఇలాగే హఠాత్తుగా విరుగుతాయి.

పారే నీటిలో మోనెల్ రకాలు బాగా నిలుస్తాయి. పంపు వారాల తరబడి ఆగితే మాత్రం నిలవనీటిలో, పాచి కింద వాటికీ గుంటలు పడతాయి. అలాంటి పంపుకు ఇన్‌కోనెల్ 625 (నికెల్ ఎక్కువున్న మిశ్రలోహం) వేయడమే మా సలహా. 20–23 శాతం క్రోమియం, 8–10 శాతం మాలిబ్డినం గుంటల్ని అడ్డుకుంటాయి. ఎనీల్ చేసిన బారు యీల్డే 414. ధర ఎక్కువే, అయినా షాఫ్టు మళ్ళీ మళ్ళీ మార్చడంతో పోల్చి లెక్కవేయండి.

ప్రశ్న: కొన్న మోనెల్ బారు 400నా, కె-500నా? అయస్కాంతంతో తెలుస్తుందా?
– వర్క్‌షాప్ సూపర్‌వైజర్, పీణ్యా, బెంగళూరు

జవాబు: అయస్కాంతాన్ని నమ్మకండి. 400 అయస్కాంత గుణం కోల్పోయే వేడి దాదాపు 21–49 డిగ్రీల మధ్యే. పొద్దున అంటుకున్న బారు మధ్యాహ్నపు ఎండలో అంటుకోకపోవచ్చు. టెస్ట్ సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు (లోహం కరిగించి పోసిన విడత నంబరు) బారు మీది నంబరుతో సరిపోల్చి, ల్యాబులో అల్యూమినియం, టైటానియం శాతాలు చూపించండి. కె-500లో అల్యూమినియం 2.3 శాతానికి తగ్గదు.